ముందుగా రెండు ఎత్తైన చెట్లు తీసుకోండి

షార్ట్‌వేవ్ ఏరియల్ గురించి ఏ పుస్తకం తిరగేసినా మొదటి వాక్యం దగ్గరే ఒళ్లు మండుతుంది: 66 అడుగుల తీగను రెండు ఎత్తైన చెట్ల మధ్య లాగి కట్టాలట. ఎవరి చెట్లండీ? లెక్క తప్పని అనను. 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 42 మీటర్లు, తీగ అందులో సగం ఉండాలి, అంటే 66 అడుగులకు అటూ ఇటూ. కానీ హైదరాబాద్ శివార్లలో 120 గజాల ప్లాటంటే 24 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా లాగినా 51 అడుగులే. మిగతా 15 అడుగులు పక్కింటి బాల్కనీలోకి పోతాయి. మర్నాటికల్లా వాటిమీద తువ్వాళ్లు ఆరుతుంటాయి.

ఇక ఆ చెట్ల సంగతి. ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలిన సందులో బోరు, సంపు మూత, చెప్పుల స్టాండు పోగా చెట్టుకు దక్కేది జానెడు నేల. ఆ జానెడులో మనవాళ్లు నాటేది కరివేపాకు. అది ఎదగదు, ఎదగనివ్వరు. వీధిలో పోపు వేసే ప్రతి ఇంటికీ దానిమీద పుట్టుహక్కు ఉంది. ‘రెండు రెమ్మలు వదినా’ అంటూ వచ్చినావిడ కొమ్మతో వెళ్తుంది. ఇస్తే చెట్టు బోడి, ఇవ్వకపోతే మనం పిసినారులం. అన్నట్టు, బజారులో కూరలు కొంటే కొసరుగా వచ్చే ఆకు కోసం మనుషులు పక్కింటి గేటు ఎందుకు తీస్తారన్నది విడిగా పరిశోధించాల్సిన విషయం. కొబ్బరిచెట్టు ఉన్న అదృష్టవంతుడికీ ఒకటే ఉంటుంది, రెండోదాని చోట ఇప్పుడు కారు షెడ్డు ఉంది. పుస్తకం అడిగినవి రెండు. పోనీ మేడమీద స్తంభం పాతుదామంటే వాస్తు ప్రకారం ఈశాన్యంలో బరువు పనికిరాదు, నైరుతిలో నీళ్ల ట్యాంకు ముందే కూర్చుంది.

అందుకే నా వాదన: చిన్న స్థలంలో వినడానికి చుట్టు యాంటెన్నా గతిలేక పెట్టుకునేది కాదు, అసలు పెట్టుకోవాల్సిందే అది. మీటరు వెడల్పున ఒకే ఒక్క చుట్టు తీగ, దాని కొసల మధ్య పాత రేడియోలోని 500 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సర్, లోపల అయిదో వంతు వెడల్పున రేడియోకు వెళ్లే ఇంకో చిన్న చుట్టు. అంతే. గ్యాంగ్ తిప్పుతుంటే సుమారు 4 నుంచి 14 మెగాహెర్ట్జ్ దాకా, అంటే 49, 41, 31, 25 మీటర్ల బ్యాండ్లన్నీ అందుతాయి. ‘ఇంత చిన్నదానికి ఏం వినబడుతుంది?’ అంటారు పొడుగు తీగల పెద్దలు. నిజమే, స్టేషన్ బలం తగ్గుతుంది. అయితే ఈ బ్యాండ్లలో రేడియో సొంత గరగర కన్నా బయటి రొద చాలా ఎక్కువ. చుట్టు చిన్నదైతే ఆ రొదా స్టేషన్‌తోపాటే తగ్గుతుంది, చెవికి కావలసింది ఆ రెండింటి నిష్పత్తి. పెళ్లిపందిట్లో పక్కవాడి మాట వినాలంటే చెవి పెద్దది కానక్కర్లేదు, మేళం వైపు నుంచి తల తిప్పుకోగలిగితే చాలు. చుట్టు చేసేది అదే. దాని ముఖం ఎటు ఉంటే అటు నుంచి వచ్చేది దాదాపు వినబడదు. ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, పండగ వెళ్లి నెలైనా తీయని సీరియల్ సెట్టు, వీటి రొద ఒక దిక్కు నుంచి నేలబారుగా వస్తుంది. దూరపు స్టేషన్ ఆకాశం నుంచి దిగుతుంది. చుట్టు తిప్పితే సీరియల్ సెట్టు నోరు మూసుకుంటుంది, స్టేషన్ మిగులుతుంది. నాలుగు వైపులా నాలుగు సీరియల్ సెట్లుంటే మాత్రం చుట్టు ముఖానికీ వీపుకీ ఎదురుగా ఉన్న రెండింటినే ఆపగలం. అది చుట్టు లోపం కాదు, కాలనీ లోపం.

స్టేషన్ మార్చినప్పుడల్లా గ్యాంగ్ తిప్పాలన్న ఫిర్యాదుకు నా జవాబు, చుట్టు ఒకసారికి ఇరుకైన పట్టీనే అందుకోవడం మేలని: ఊళ్లోని మీడియంవేవ్ స్టేషన్ వచ్చి రేడియోను ముంచెత్తదు. ప్రసారం సంగతి వేరు, అక్కడ పొడుగు తీగ పెద్దలదే గెలుపు. 22 మిల్లీమీటర్ల రాగి గొట్టంతో మీటరు వెడల్పు చుట్టు చేసి 7 మెగాహెర్ట్జ్ దగ్గర 100 వాట్లు పోస్తే ఆకాశానికి చేరేది 16 వాట్లకు మించదు, మిగతాదంతా గొట్టం వేడి. పైగా కండెన్సర్ మీద వేల వోల్టులు లేస్తాయి. లైసెన్సున్న హామ్ రేడియో ఆపరేటర్ అయినా అప్పుడు దాని దగ్గరికి పోకూడదు.

‘ఫోన్లో అన్నీ వస్తుంటే ఇదెందుకు?’ అన్నవాళ్లతో పోట్లాడే ఓపిక నాకు తగ్గుతోంది. స్టేషన్లే ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి మరి: రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరిలో షార్ట్‌వేవ్ మానేసింది. బీబీసీ హిందీ 2020 జనవరిలో మానేసింది. ఊళ్లో పెంకుటిల్లూ దొడ్డినిండా చెట్లూ ఉన్న రోజుల్లో బ్యాండ్ నిండా గొంతులుండేవి, తీగ కట్టే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు తీరిక ఉంది, చుట్టు ఉంది, గ్యాంగ్ తిప్పుతూ పోతే ఖాళీ బ్యాండ్ చాలాసేపు తగులుతుంది. అయినా చీకటిపడ్డాక కొన్ని గొంతులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

కాబట్టి ఒక్క మనవి. అటకమీది తాతగారి వాల్వు రేడియోను పాతసామాన్లవాడికి వేసేముందు, అందులో గ్యాంగ్ విప్పి పక్కన పెట్టుకోండి. కొత్తది కావాలంటే దొరకడం కష్టం.