సెట్ చేద్దాం: సవ్యాఖ్యానం

మూలం: సెట్ చేద్దాం, ఫికర్ జేయకు.

అవతారిక: పాతబస్తీలో ఏ సర్కారు ఆఫీసు మెట్ల కిందైనా వినబడే వాక్యం ఇది. వక్త చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పరాయివాళ్ల కాగితాలు. శ్రోతకు కావలసిందల్లా బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తప్పుపడిన ఒక్క అక్షరం దిద్దించుకోవడం. ‘ఫికర్’, ‘జేయకు’ అనేవి సులభాలు కనుక వాటికి వ్యాఖ్య అనవసరం. విచారమంతా మొదటి పదం మీదనే.

టీక: సెట్. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండవ కూర్పు ఈ ఒక్క క్రియకు 430 అర్థాలు చెప్పి, అందుకు సుమారు 60 వేల మాటలు ఖర్చు చేసింది. అమరసింహుడైతే తన అమరకోశం నానార్థ వర్గంలో ‘హరి’ శబ్దానికి యముడు, గాలి, ఇంద్రుడు మొదలుకొని కోతి, కప్ప దాకా ఒక్క శ్లోకంలో సర్దేశాడు. పొదుపు ఎవరిదో చెప్పనక్కరలేదు.

చిన్నయసూరి చెప్పిన తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాల్లో దేనిలోనూ ఈ పదం ఒదగదు. ‘సెట్టు’ అని ఉకారాంతం చేస్తే పల్లె నోట అది చెట్టు అయిపోతుంది. సంస్కృతంలో మాత్రం దీనికి దగ్గరి చుట్టం లాంటి సంజ్ఞ ఒకటుంది. ధాతువులు సేట్‌లు, అనిట్‌లు అని రెండు రకాలు. ‘ఇట్’ అనే ఆగమం నడుమ చేరితే సేట్, చేరకపోతే అనిట్. భూ ధాతువుకు ‘భవితా’లో ఇకారం వచ్చింది, కృ ధాతువుకు ‘కర్తా’లో రాలేదు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తొలగించి కూర్చుంటుందని వైయాకరణుల మాట. మెట్ల కింద మిత్రుడిలా వచ్చి చేరే మూడో మనిషిని పాణినీయులు చూసి ఉండరు గాని, సూత్రం అతనికీ చక్కగా వర్తిస్తుంది. ‘సెట్ అగు’ అకర్మకం. ‘సెట్ చేయు’ సకర్మకం. ‘సెట్ చేయించు’ ప్రేరణార్థకం. డబ్బు చేతులు మారేది ఇక్కడ.

ఇక అర్థభేదాలు. లాడ్ బజారులో సెట్ అంటే గాజుల వరస. నడుమ సన్నవి, అటూ ఇటూ వెడల్పాటి కడాలు. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, కొలతకు తెంపి, గుండ్రంగా వంచి కొసలు అతుకుతారు. మళ్లీ వేడి తగిలించి ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. ఈ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొలత విషయం మరీ రుచికరం. 2-4, 2-6, 2-8 అని దుకాణదారు చెప్పే సైజుల్లో రెండో అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతుల లెక్క. అంటే 2-6 గాజు లోపలి వ్యాసం రెండంగుళాల మీద 6/16, అనగా 2.375 అంగుళాలు. దాన్ని 2.6 అనుకుని కొన్నవారికి గాజు మణికట్టు దాకా పోదు. పదహారణాల రూపాయి 1957లో వంద నయాపైసలైంది. గాజు మాత్రం తన పదహారు వంతులు వదల్లేదు. ఈ సందులో ‘సెట్’ అన్నవాడిని ఎన్ని, ఏ సైజు, ఎంత అని అడగవచ్చు. మూడింటికీ అక్కడికక్కడే జవాబు వస్తుంది. మూలవాక్యంలో లోపించినవి సరిగ్గా ఇలాంటి జవాబులే.

సినిమావారికి సెట్ అంటే లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. 1591 నాటి చార్మినార్ ఊరి నడుమ నిక్షేపంగా ఉండగానే, గుణశేఖర్ ‘ఒక్కడు’ (2003) కోసం ఇంకో చార్మినార్‌ను వేయించారు. ఐసెట్, లాసెట్‌లలోది శబ్దసామ్యమే. అది ప్రవేశ పరీక్ష పేరుకు పొట్టి రూపం. ఇల్లు కట్టేవారికి సెట్‌బ్యాక్ అంటే గోడ చుట్టూ వదలవలసిన జాగా. రెండిళ్లకూ ఒకే గోడ ఉన్న గల్లీల్లో అది ప్లాను కాగితం మీద మాత్రమే కనబడే పదార్థం. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర సంబంధం సెట్ అయిందంటే అడగవలసినవి ఇంకా చాలా ఉన్నాయని భావం.

న్యాయస్థాన ప్రయోగం విచిత్రం. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ప్రతివాది పిలిచినప్పుడు పలకకపోతే అతన్ని ‘సెట్ ఎక్స్‌పార్టీ’ చేస్తారు. అలా వచ్చిన డిక్రీని రద్దు చేయమని వేసుకునేది ‘సెట్ అసైడ్’ పిటిషన్. దానికి గడువు 30 రోజులు. కట్టేదీ విప్పేదీ ఒకే మాట. అయినా అక్కడ తేదీ ఉంది, సంతకం ఉంది.

ఆక్షేపం: భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు, ప్రయాణానికి లేచినవాడు తెమ్మంటే గుర్రం. ప్రకరణాన్ని బట్టి ‘సెట్’ అర్థమూ తేలాలి కదా?

సమాధానం: తేలదు. ఉప్పో గుర్రమో ఏదో ఒకటి ఎదుటికి వస్తేనే ఆ న్యాయం చెల్లుతుంది. ‘చేద్దాం’లో కర్త మనమా, అతనా, లోపలి గుమాస్తానా అన్నది తెలియదు. కాలం భవిష్యత్తు, అదీ అనిశ్చితం. అక్షరం దిద్దడానికి దరఖాస్తు ఫారం ఉంది, రుసుము ఉంది, రసీదు ఉంది, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో గోడ మీద బోర్డూ ఉంది. ఆ బోర్డు చదువుకోలేని తల్లికి విషయం చెప్పే మనిషి కౌంటర్‌లో ఉండడు, ఉన్నా తలెత్తడు. మెట్ల కింద ఈ పండితుడు పుట్టింది అందుకే. ఈలోగా బళ్లో అడ్మిషన్లు అయిపోతాయి. దాని సంగతి ‘సెట్ చేద్దాం’ అనేవాళ్లెవరూ లేరు.

పాఠాంతరాలు: ‘సెట్ అయిపోతది’, ‘సెట్ సమఝో’. అర్థభేదం లేదు, రుసుములో భేదం కద్దు.

తాత్పర్యం: సోమవారం రండి. వచ్చేటప్పుడు ఇంకో జిరాక్స్ తెండి.