సెంట్ మేరీస్ దీవికి ప్రైవేటు గైడుతో ఒక్కరోజు టూరు: టేకల్ వాళ్ళకు పనికొచ్చే చిట్కాలు

కోలారు జిల్లా టేకల్‌లో పుట్టినవాళ్ళకు రాయి కొత్త కాదు. వరదరాజస్వామి గుడి ముందు నిలబడి ఏ దిక్కు చూసినా గుండ్లే, గుండ్ల మీద గుండ్లే. మనకు లేనిది సముద్రం. ఆ లోటు తీర్చుకోవాలని మనవాళ్ళు ఉడుపి పక్కనున్న మల్పె రేవుకు పోయి, అక్కణ్ణుంచి పడవలో సెంట్ మేరీస్ దీవి చూసి వస్తున్నారు. పోవడం మంచిదే. కానీ పోయే తీరు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తెల్లారకముందే లేస్తారు. అడిగినంత ఇస్తారు. గైడు చెప్పేది నోరు తెరుచుకుని వింటారు. ఎండలో దీవంతా తిరుగుతారు. ఇంత కష్టం ఇంటి దగ్గరే పడొచ్చు కదా! ప్రైవేటు గైడును పెట్టుకునేది సుఖపడడానికి. ఆ సుఖం ఎలా రాబట్టుకోవాలో వరసగా చెబుతున్నాను. ఒక్కటీ వదలకుండా పాటించండి.

1. సెలవు కోసం చావు కబురు చెప్పకండి. అవ్వ పోయిందంటే మూడోసారికి పట్టుబడతారు. పైగా మాలూరుకూ బంగారుపేటకూ మధ్య ఎవరి అవ్వ ఎవరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. "తాలూకా ఆఫీసులో పోడి పని ఉంది సార్, సర్వేయరు వస్తానన్నాడు" అనండి. పోడి అంటే పొలం కొలిచి హద్దులు విడదీయడం కాబట్టి పొలం ఉన్న ఏ ఆఫీసరూ ఈ మాటకు అడ్డు చెప్పడు. ఆయన పోడి కూడా తేలి ఉండదు కాబట్టి మీ మీద జాలిపడతాడు. తిరిగొచ్చాక "సర్వేయరు రాలేదు సార్" అంటే చాలు, వచ్చే నెల సెలవు కూడా చేతికొచ్చినట్టే. సెంటు భూమి లేనివాళ్ళూ ఈ మాట వాడుకోవచ్చు. పహణి చూపించమని ఇంతవరకూ ఏ మేనేజరూ అడగలేదు.

2. గైడుతో ఫోనులో నలుగురం అని మాట్లాడండి. పన్నెండు మంది వెళ్ళండి. ప్రైవేటు టూరంటే బయటివాళ్ళు ఉండకూడదు, అంతే. మనవాళ్ళు ఎంతమంది అన్నది మన ఇష్టం. మొదటి నలుగురు గైడును కలిసి మాట్లాడుతుండగా మిగతావాళ్ళు ఇద్దరిద్దరుగా రేవులో ఎదురుపడాలి. "అరే చిన్నాయనా, నువ్వూ వచ్చినావా!" అని ఆశ్చర్యపోవాలి. ఈ ఆశ్చర్యం ఇంటి దగ్గరే రెండుసార్లు ప్రాక్టీసు చేయండి. నటించడం రాని పెద్దత్తలను మొదటి నలుగురిలోనే పెట్టేయండి. నాలుగో జంట వచ్చేసరికి గైడు లెక్కపెట్టడం మానేస్తాడు.

3. భాషను చేతిలో ఆయుధంగా పెట్టుకోండి. కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మనకు పుట్టుకతోనే వస్తాయి. మల్పెలో వినబడేది తుళు, కొంకణి, కన్నడ. తెలుగు అక్కడి రేవులో అక్కరకు రాదు. అదే మన లాభం. బేరం కన్నడలో మొదలుపెట్టండి. ఒకే రాష్ట్రం వాళ్ళం అనండి, అణ్ణా అని పిలవండి, రేటు దిగుతుంది. దిగిన నిమిషం నుంచి తెలుగులోకి వెళ్ళిపోండి. అడ్వాన్సు అడిగితే తెలుగు. పడవ టిక్కెట్టు వేరే అంటే తెలుగు. పన్నెండు మందేమిటి అంటే అచ్చ తెలుగు. టీ తాగుతారా అంటే మాత్రం కన్నడ. పిల్లలతో జాగ్రత్త. బడిలో కన్నడం చదువుకుంటారు కాబట్టి వాళ్ళ నోరు ఊరుకోదు. గైడు కనిపించే ముందే వాళ్ళ చేతికి ఫోన్లు ఇచ్చేయండి.

4. గైడు పేరు అడగకండి. ఈ దీవిలో 1498లో వాస్కో డ గామా దిగాడనీ, శిలువ పాతి మేరీమాత పేరు పెట్టాడనీ చెబుతారు. ఆయన్ను ఆఫ్రికా తీరంలోని మలింది నుంచి సముద్రం దాటించి మన ఒడ్డుకు చేర్చింది ఒక పైలట్. ఆ పైలట్ ఎవరన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఐదు వందల ఏళ్ళు దాటినా పేరు తేలలేదు, దానివల్ల గామాకు వచ్చిన నష్టమేమీ లేదు. "ఓయ్" సరిపోతుంది.

5. రైలు ఎక్కడం. బెంగుళూరులో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి ఉడుపిలో దిగొచ్చు. బెంగుళూరు చేరడానికి టేకల్ స్టేషన్‌లో మధ్యాహ్నం బండి ఎక్కకండి, దాని తర్వాతి పాసింజరు ఎక్కండి. సమయానికి చేరితే ఎవరూ మెచ్చుకోరు. ఆలస్యమైతే దారి పొడవునా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంటుంది. ఉడుపి బండి తప్పిపోయిందా, ఇంకా మంచిది. బస్సెక్కి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ పిల్లలు వాంతులు చేసుకుంటూ దిగుతారు, మల్పెలో మీరు పొద్దెక్కాక వచ్చినా గైడు ఒక్క మాట అనడు.

6. పొద్దున్నే దీవికి పోకండి. గైడు ఏడింటికే రమ్మంటాడు, ఎండ ముదరకముందే తిరిగి రావొచ్చంటాడు. అది అతని సౌకర్యం. మీరు ఉడుపిలో శ్రీకృష్ణ మఠానికి వెళ్ళండి. కనకన కిండి లోంచి స్వామిని చూసుకుని, మధ్యాహ్నం భోజన ప్రసాదం దాకా అక్కడే కూర్చోండి. భోజనం ఉచితం, అన్నం సారు ఎంతైనా వడ్డిస్తారు. పన్నెండు మందికి ఒక పూట హోటలు ఖర్చు మిగిలింది కదా. గైడు మల్పెలో కాచుకుని ఉంటాడు, ఉండనివ్వండి. రోజుకు మాట్లాడుకున్నాం, కాచుకోవడం కూడా రోజులోకే వస్తుంది. ఫోను చేస్తే "దారిలో ఉన్నాం" అనండి. పంక్తిలో కూర్చుని ఈ మాట చెప్పేటప్పుడు గరిటె చప్పుడు వినబడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టండి.

ఇంటి నుంచి కట్టుకొచ్చిన రాగి ముద్ద, బస్సారు కూడా పారేయకండి. ముందురోజు కట్టిన క్యారియరు మల్పె ఉక్కలో మూత తీయగానే గైడు రెండడుగులు వెనక్కు తగ్గుతాడు. ఆ తర్వాత బేరం మీ చేతిలోనే ఉంటుంది.

7. మల్పె బీచి చేరాక ఇసుకలో కూర్చోండి. 2016లో దేశంలో మొట్టమొదట వైఫై పెట్టిన బీచి ఇదే. దీవి అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లే కాబట్టి, కొబ్బరి చెట్టు నీడలో కాళ్ళు చాపుకుని ఎవరో పెట్టిన దీవి వీడియో ఫోనులో చూడొచ్చు. అన్ని పక్కలనుంచీ కనిపిస్తుంది, చెప్పులు తడవవు. ఓపిక లేనివాళ్ళను ఇక్కడే వదిలేయండి. వాళ్ళు మనకంటే ఎక్కువ చూసి ఉంటారు.

8. పడవ. లైఫ్ జాకెట్ ఇస్తారు. బల్ల గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని మడిచి కింద వేసుకోండి. ఫొటోలో కొత్త చొక్కా కూడా కనబడుతుంది. పడవవాడు అరిస్తే తెలుగు.

9. ఇప్పుడు అసలు సంగతి, దీవి మీద గైడును ఎదుర్కోవడం. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. దిగగానే అతను రాతి స్తంభాల దగ్గరికి తీసుకుపోతాడు. ఎవరో చెక్కినట్టు నిలువుగా, ఎక్కువ భాగం ఆరు పలకలుగా ఉంటాయవి. సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కిందట, మన నేలా మడగాస్కరూ ఒకటిగా ఉండి విడిపోతున్న కాలంలో, లోపలి నుంచి పొంగిన లావా చల్లారుతూ కుంచించుకుపోయి ఇలా పలకలుగా పగిలిందని చెబుతాడు. అతను చెప్పేదంతా నిజం. అందుకే మొదట్లోనే ఆపాలి, వింటూ పోతే ఆసక్తి పుడుతుంది. ఆసక్తి పుడితే నడవాలనిపిస్తుంది. నడిస్తే దీవి అర కిలోమీటరు పొడవు, ఎండ నడినెత్తిన, నీడ తక్కువ.

ఆపే మాట ఇది: "మా ఊర్లో ఇంతకన్నా పెద్దవి ఉండాయి." టేకల్ గుండ్ల ఫొటోలు ఫోనులో ముందే పెట్టుకోండి. ఒక్కొక్కటి చూపించండి. గుండు వెనక గుండు, దాని మీద కూర్చున్న మీ బావమరిది, దాని కింద కట్టేసిన మేక. ఇలా ఒక ముప్పై చూపిస్తే అరగంట గడుస్తుంది. అతను ఇంకా స్తంభాల మాట ఎత్తితే పెద్దపల్లి బయటికి తీయండి. జియాలజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా ప్రకటించిన చోట్లలో కర్ణాటకకు నాలుగున్నాయి. ఈ దీవి స్తంభాలు ఒకటి. బెంగుళూరు లాల్‌బాగ్ బండ ఒకటి. చిత్రదుర్గ దగ్గర మరడిహళ్ళి దిండు లావాలు ఒకటి. నాలుగోది మన కోలారు బంగారు గనుల పక్కన పెద్దపల్లిలో ఉంది. అగ్నిపర్వతం చిమ్మిన తునకలు గట్టిపడిన రాళ్ళూ, నీళ్ళ అడుగున పొంగిన లావా దిండ్ల ఆకారంలో గడ్డకట్టిన రాళ్ళూ అవి. వయసు 250 కోట్ల ఏళ్ళు పైమాటే. గైడు రాళ్ళు వాటి ముందు నిన్నా మొన్నటివి. ఈ మాటతో అతని నోరు మూతపడుతుంది. "అయితే ఆ పెద్దపల్లి ఎలా ఉంటుంది సార్?" అని ఆశగా అడుగుతాడు. మీరు పోయి ఉండరు. టేకల్ నుంచి గంటా గంటన్నర దారి, ఎప్పుడైనా పోవచ్చు, అందుకే ఎవరం పోలేదు. "వర్ణించడానికి మాటలు చాలవు" అనండి.

10. ఈల వేసేవాళ్ళు ఉంటారు. రాళ్ళ అంచున నాచు ఉంటుంది, అల వచ్చి లాగేస్తుంది, మనుషులు పోయారు కూడా. అందుకే గార్డులు ఆ పక్కకు పోవద్దంటారు. ఈల వినబడిన చోటే మంచి ఫొటో వస్తుందని గుర్తుపెట్టుకోండి. ముందు గైడును నిలబెట్టి చూడండి. అతను ఒప్పుకోకపోతే బాగా ఈత వచ్చని చెప్పుకునే బావమరిదిని పంపండి.

11. ఒక రాయి తెచ్చుకోండి. ఆ దీవి ఒడ్డున ఇసుక కంటే గవ్వలూ చిప్పలే ఎక్కువ. వాటిని అందరూ ఏరుకుంటారు, అందులో గొప్ప లేదు. ఆరు పలకల స్తంభం తునక ఒకటి, రెండు మూడు కిలోలది, పసిపిల్ల దుప్పట్లో చుట్టి పడవ ఎక్కించండి. స్మారకం కాబట్టి ముట్టుకోవద్దంటారు. ముట్టుకుంటున్నది పసిపిల్ల దుప్పటి. పడవ దిగేటప్పుడు, బస్సు ఎక్కేటప్పుడు, బెంగుళూరులో ప్లాట్‌ఫారం మారేటప్పుడు దాన్ని చిన్నాయన మోస్తాడు. పిల్లను ఎవరైనా మోయొచ్చు. టేకల్‌లో దించాక గడప ముందు పెట్టండి. అక్కడున్న వంద రాళ్ళలో ఏది 8.8 కోట్ల ఏళ్ళదో ఏ అధికారీ కనిపెట్టలేడు. నెల తిరిగేసరికి మీరూ కనిపెట్టలేరు. అంత భద్రంగా దాచే చోటు దేశంలో ఇంకెక్కడా లేదు.

12. డబ్బులిచ్చే ఘట్టం. సాయంత్రానికి దీవి ఖాళీ చేయించేస్తారు, రాత్రి ఉండనివ్వరు. మీరు మూడింటికి వెళ్ళారు కాబట్టి చూడాల్సింది సగం మిగిలిపోతుంది. ఆ సగానికి డబ్బు కోయండి. "పొద్దుటి నుంచి దీవి చూపించు అన్నాం, నువ్వు చూపించింది గంటన్నర" అని లెక్క తీయండి. ఇది కన్నడలో మాట్లాడాలి, అందరికీ వినబడేలా మాట్లాడాలి. అతను ఉడుపి మఠం మాట ఎత్తితే "దేవుడి దగ్గరికి పోవద్దంటావా" అనండి. చుట్టూ ఉన్నవాళ్ళు మీ వైపు తిరుగుతారు. ఎంత ఇచ్చినా పన్నెండు మంది తలా ఒక జేబులోంచి చిల్లర తీసి ఇవ్వండి. లెక్కపెట్టుకునేసరికి మీ బస్సు కదిలిపోతుంది.

13. ఊళ్ళో అడిగితే "ఏముంది, నీళ్ళు" అనండి. బాగుందంటే వాళ్ళూ బయల్దేరతారు. ఈసారి మమ్మల్నీ తీసుకుపో అంటారు. గైడు నంబరు అడిగితే పొలం గట్టు తగాదా ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వండి, టేకల్ పేరు చెప్పి పొమ్మనండి. మిగతాది అతను చూసుకుంటాడు.

14. ఇన్ని చేసే ఓపిక కూడా లేనివాళ్ళు ఉంటారు, వాళ్ళ మీద నాకు ఎక్కువ గౌరవం. వాళ్ళకు చెప్పేది ఒకటే, వానాకాలంలో పోండి. సముద్రం రేగుతుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా మల్పె నుంచి దీవికి పడవలు నడపరు. పడవ ఖర్చు లేదు. ఎండ లేదు. స్తంభాల కథ లేదు. మోయడానికి రాయి లేదు. చూడలేకపోయింది మన తప్పు కాదు, వానది. రేవులో గొడుగు కింద నిలబడి మబ్బు వైపు చెయ్యి చూపిస్తూ ఒక ఫొటో దిగి, ఆ రాత్రి బండికే తిరిగి రండి. జూలైలో ఒక తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఆ నెలలో గైడులందరూ ఖాళీగానే ఉంటారు.