పద్నాలుగు వేళ్ల పాదవిచారం

తెలుగులో పాదమనే మాటకు రెండు అర్థాలు ప్రసిద్ధం: ఒకటి ప్రాణి నేల మీద మోపేది, రెండవది కవి తాటాకు మీద మోపేది. ఈ రెండవ పాదం సంగతి పాలకుర్తికి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉన్న ఈ ఊరు, బసవ పురాణాన్నీ పండితారాధ్య చరిత్రనూ రెండేసి పాదాల ద్విపదలో నడిపించి, జనం నోళ్లలో ఆడుతున్న ఛందస్సుకు కావ్యగౌరవం కట్టబెట్టిన పాల్కురికి సోమనాథుణ్ణి తనవాడని చెప్పుకొంటుంది. ద్విపదలో ఒక్కో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, వెరసి నాలుగు గణాలు ఉండాలన్నది నియమం. ఈ నియమాన్ని గినీ పందికి అన్వయించి చూస్తే, నాలుగేసి వేళ్లున్న ముందరి పాదాలు నిర్దుష్టంగా నిలుస్తాయి. వెనుక పాదాలకు మూడేసి వేళ్లే ఉండడంతో గణభంగం స్పష్టంగా బయటపడుతుంది. లాక్షణికులు దీన్ని క్షమించకపోయినా, ఆ పద్నాలుగు వేళ్ల మీద కిలో బరువును మోసుకుంటూ రోజంతా తిరిగే జీవికి పాదాలు నొప్పి పుడితే ఏం చేయాలన్న ప్రశ్న ఛందోగ్రంథాల్లో లేనందువల్ల, వేరుగా విచారించవలసి వస్తున్నది.

గినీ పంది అనే పేరులో రెండు మాటలున్నాయి, రెండూ అబద్ధమే. ఆఫ్రికాలోని గినీ దేశంతో ఈ జంతువుకు ఏ చుట్టరికమూ లేదు; దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతం, అక్కడి జనం దీన్ని వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకొని నేటికీ పండుగపూట వండుకుంటున్నారు. ఇక పంది అన్న మాటకు వస్తే, ఇది ఎలుక, ఉడుత చేరిన కొరుకుడు జంతువుల వర్గానికి, అంటే పెరుగుదల ఆగని పళ్లతో బతికినన్నాళ్లూ ఏదో ఒకటి నములుతూ ఉండక తప్పని వర్గానికి చెందినది. అయినా 1758లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ దీనికి లాటిన్ నామకరణం చేస్తూ, చిన్న పంది అని అర్థం వచ్చే ‘పోర్సెల్లస్’ అనే మాటను అందులో చేర్చడంతో నింద కాస్తా శాస్త్రమైపోయింది. ఆ శాస్త్రం ఫలితాన్ని అనుభవించేది పెంచేవారే. పట్నంలో చదువుకొనే పిల్లలు వేసవి సెలవులకు వస్తూ అట్టపెట్టెలో రెండింటిని తెచ్చి దింపి, ఫలానా అని పేరు చెప్పిన పాలకుర్తి ఇంట్లో, ఆ పేరులోని రెండో మాట గడప దాటేలోపే పెద్దావిడ పూజగదికి గొళ్లెం పెడుతుంది. కాసేపటికి అట్టపెట్టెలోకి తొంగిచూసి, “ఇవి పందులేంది, చెవులు కోసిన కుందేళ్లు గద!” అని వర్గీకరణను సవరిస్తుంది. జంతుశాస్త్రం ఒప్పుకోకపోయినా, ఆ సవరణలో లిన్నేయస్ చేసిన దానికంటే న్యాయం ఎక్కువ ఉన్నదని ఈ వ్యాసం అభిప్రాయపడుతున్నది.

ఈ జంతువు పాదాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకొని చూడడం అవసరం. ఒళ్లంతా దట్టమైన బొచ్చు ఉన్నా అరికాలు మాత్రం పసిపిల్లల అరచేయిలా నున్నగా, వెంట్రుక లేకుండా ఉంటుంది; ముందరి పాదం చింతగింజ కంటే కొంచెం పెద్దది, వెనుకది సన్నగా పొడుగ్గా, మడమ దాకా నేలకు ఆనేది. కుక్కకు ఉన్నట్టు మందపాటి మెత్తలు గాని, మేకకు ఉన్నట్టు గిట్టలు గాని దీనికి లేవు. కాబట్టి నేల గరుకైనా, తడిసినా, ఇనుప జాలీ అయినా ఆ ఒరిపిడి నేరుగా చర్మానికే తగులుతుంది. ఇలా పుట్టే రోగాన్ని వైద్యులు పోడోడెర్మటైటిస్ అంటారు. గ్రీకు మూలాలను విడదీస్తే పాదం, చర్మం, వాపు అనే మూడు ముక్కలు వస్తాయి గనుక, అరికాలి పుండు అంటే సరిపోతుంది. కోళ్ల ఫారాల వాళ్లు తమ కోళ్లకు వచ్చే ఇటువంటి దాన్నే బంబుల్‌ఫుట్ అంటారు. పశువుల గాలికుంటు వ్యాధికి దీనికి సంబంధం లేదు. ఆ అనుమానంతో పక్కింటి బర్రెను దూరంగా కట్టేయనక్కరలేదు.

పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెర, పోతన ఊరిగా ప్రసిద్ధమైనది. ఆయన భాగవతంలోని గజేంద్రుడు కాలిని మొసలి పట్టుకున్నప్పుడు లోకాలు దద్దరిల్లేలా మొర పెట్టుకున్నాడు. గినీ పంది కాలిని పట్టేది కంటికి కనబడని స్టెఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి, పైగా ఇది మొరపెట్టదు. అడవిలో ఏదో ఒక జంతువుకు ఆహారమయ్యే ప్రాణి తన నొప్పిని బయటపెడితే ముందుగా వినేది వేటజంతువే గనుక, వీటికి తరతరాలుగా మౌనమే అలవాటైంది. కొత్తిమీర కట్ట ఉన్న ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు ఇల్లెగిరిపోయేలా ‘వీక్ వీక్’మని అరిచే జంతువు, కాలు పుండైనప్పుడు మాత్రం ఓ మూలన ముడుచుకొని గడ్డి కూడా సగమే తింటుంది. మొదట అరికాలు ఎర్రబడుతుంది, తరువాత వాచి ఆనెకాయ కట్టినట్టు గట్టిపడుతుంది, ఆపైన చిట్లి నల్లని పక్కు కడుతుంది. ఈ దశ కూడా దాటనిస్తే చీము లోపలికి పాకి కండర బంధాలనూ ఎముకనూ పట్టుకుంటుంది, అప్పుడు విష్ణువు దిగివచ్చినా నెలల తరబడి కట్లు కట్టక తప్పదు. కాబట్టి వారానికి ఒకసారైనా వెల్లకిలా తిప్పి అరికాళ్లు చూడాలన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

రెండవ సూత్రం, అసలు సూత్రం, పరుపు. రోగం పాదంలో కనిపించినా దాని వేరు నేలలోనే ఉంటుందన్న సంగతి మనుషులకు ఎందుకో చప్పున తట్టదు. నేలను అలాగే ఉంచి పాదానికి మాత్రం రకరకాల లేపనాలు పూయడం సర్వత్రా కనిపించే ఆచారం. పాలకుర్తి ఇంట్లో ఆ ఆచారం పసుపు, కొబ్బరినూనె రూపంలో దిగింది. పేరంటానికి పిలిచినట్టు నాలుగు పాదాలకూ పసుపు పూయించుకున్న గినీ పంది, పూసినంతసేపు ఓర్పుగా కూర్చొని, వదిలిపెట్టిన మరుక్షణం మొత్తం నాకేసింది. నాకగా మిగిలిన జిడ్డుకు పెట్టెలోని రంపపు పొట్టు అంటుకొని, పాదాలు అట్లకాడలంత లావయ్యాయి.

రంపపు పొట్టు మాట వచ్చింది గనుక ఆ చర్చలోకే దిగాలి. పెట్టెలో ఏం పరవాలన్న విషయమై ఊళ్లో సలహాలకు కరువు లేదు. కోళ్ల ఫారంలో పనిచేసే మనిషి, “కోళ్లకు ఉనుక పోస్తలేమా, గిదేమన్న పట్నం బిడ్డనా?” అని అడిగాడు. ఉనుక అంటే వడ్లు దంచగా, మర పట్టగా రాలే పొట్టు. అది చవక, దొరకని రోజు లేదు, కాని ఇసుకలో ఉండే సిలికానే అందులోనూ ఉండడం వల్ల అంచులు గరుకుగా ఉండి, మెత్తని అరికాలిని సన్నని ఆకురాయిలా గీస్తాయి. దాని దుమ్ము ముక్కులోకి పోయి ఊపిరితిత్తులకు మరో రోగం అంటగడుతుంది. వడ్రంగి దుకాణంలో దొరికే రంపపు పొట్టుదీ ఇదే కథ: మెత్తని పొడి గనుక తుమ్ములు తెప్పిస్తుంది, దేవదారు వంటి ఘాటు వాసన గల కర్రలదైతే ఆ వాసనలోని రసాయనాలు కాలేయానికి కూడా చెరుపు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే తుక్కు, వాసన లేని కర్రదైతే, వీటన్నిటికంటే నయం. వరిగడ్డి చూడడానికి మెత్తగా ఉన్నా దాని కాడలు ఎండి పుల్లలై కంట్లో గుచ్చుకుంటాయి. వార్తాపత్రికలు పరిస్తే గంటలో తడిసి ముద్దవుతాయి. అంతలోపే గినీ పంది సంపాదకీయాన్ని ఒక మూల నుంచి నమలడం మొదలుపెడుతుంది.

ఇంటి పెద్దాయన గొంగడి పరవమన్నాడు. నల్ల గొర్రె ఉన్నితో కురుమలు నేసే గొంగడి, కాపరిని ఎండకు, చలికి, వానకు కాపాడే మహావస్త్రమని, దానికి మించిన పరుపు ఉంటే చూపమని ఆయన వాదం. వాదంలో దోషం లేదు, దోషం గొంగడి గుణంలోనే ఉంది: వాన నీటిని లోపలికి రానీయకుండా జార్చే ఆ బిగువైన నేత, గినీ పంది మూత్రాన్ని కూడా లోపలికి రానీయక పైననే నిలుపుతుంది, కాపరికి రక్షణ అయినదే ఇక్కడ పాదానికి శిక్ష అవుతుంది. పైగా రోజుకు వందకు పైగా లద్దెలు వేసే జంతువు విషయంలో తడి, మురికి ఎంత తొందరగా పోతాయన్నదే లెక్క గాని, వస్త్రానికి ఉన్న ప్రతిష్ఠ లెక్క కాదు. ఈ మాట పెద్దాయనకు నచ్చలేదు. గొంగడిని మడిచి తీసుకుపోయాడు.

చివరికి నిలబడిన పరుపు మూడు పొరలది. అడుగున నీరు దిగని ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత నూలు చీరలతో కుట్టిన బొంత, పైన చలికాలంలో రోడ్డు పక్కన కుప్పలుగా పోసి అమ్మే మెత్తని పాలియెస్టర్ దుప్పటి. ఈ పైపొరను విదేశాల్లో ఫ్లీస్ అంటారు. దాని పోగు తనలో నీటిని దాచుకోకుండా కిందికి వదిలేస్తుంది, కింద బొంత పీల్చుకుంటుంది, పాదం ఆనేచోటు పొడిగా మిగులుతుంది. అయితే దుకాణం నుంచి తెచ్చిన దుప్పటి మొదటి రోజే ఈ పని చేయదు. దాని మీద చెంచాడు నీళ్లు పోస్తే తామరాకు మీది బొట్టులా గుండ్రంగా నిలిచి అటూ ఇటూ దొర్లుతాయి. పరిమళం కోసం, మెత్తదనం కోసం కలిపే ద్రవాలేవీ వేయకుండా ఉత్త సబ్బుపొడితో మూడు నాలుగుసార్లు ఉతికిన తరువాత అదే చెంచాడు నీళ్లు పోసి చూస్తే, ఒక్క క్షణం మెరిసి, అడుగుకు ఇంకిపోతాయి. ఆ క్షణం నుంచి దుప్పటి పరుపైందని లెక్క. బొంత విషయంలో ఒక హెచ్చరిక అవసరం: తెగిన కుట్టు దారం ఒక్కటి వేలికి చుట్టుకున్నా రక్తం ఆడక వేలు నల్లబడుతుంది, కాబట్టి అంచులు మడిచి కుట్టాలి. పగలు రెండుసార్లు చిన్న చీపురుతో లద్దెలు ఊడ్చి, మూడు నాలుగు రోజులకొకసారి మొత్తం ఉతకాలి.

మే నెలలో పాలకుర్తి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చల్లని కొండల్లో పుట్టిన ఈ జంతువుకు 30 దాటితేనే వడదెబ్బ భయం. అందువల్ల కూలర్ ముందు పెడతారు. కూలర్ గాలిలోని తేమకు పరుపు ఆరదు. ఆరని పరుపు పాదాన్ని నానబెడుతుంది. ఒకవైపు ప్రాణం, ఒకవైపు పాదం లాగుతుంటే, కూలర్‌ను గదిలో పెట్టి పెట్టెను దాని గాలి నేరుగా తగలనిచోట ఉంచడమే మధ్యేమార్గం.

ఆహారం కూడా పాదంతోనే ముడిపడి ఉంది. సి విటమిన్‌ను తన ఒంట్లో తయారు చేసుకోలేని కొద్దిపాటి జంతువుల్లో మనిషి ఒకడు, గినీ పంది ఒకటి. నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు 1907లో గినీ పందులకు ఉత్త ధాన్యం పెట్టి చూడగా నావికుల చిగుళ్ల రోగమైన స్కర్వీ వాటికీ వచ్చింది. ఆ విటమిన్ తక్కువైతే చర్మం అతుక్కోదు, పుండు మానదు. అందుకే కిలో బరువున్న జంతువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు అందాలంటారు. చిన్న జామ ముక్క, కొత్తిమీర, కాప్సికం చాలు. మిగతా రోజంతా గడ్డే తినాలి. వినాయకుడికి తెచ్చిన గరికలో సగం ఈ మూషికబంధువు కాజేసినా శాస్త్రవిరోధమేమీ కాదు. లావెక్కనీయకూడదు, గోళ్లు వంకర తిరగకముందే కత్తిరించాలి, ఎందుకంటే బరువూ గోరూ రెండూ పాదాన్ని వంచి ఒకేచోట ఒత్తిడి తెస్తాయి.

పుండు పడ్డాక ఇంటి వైద్యం ఒక హద్దు వరకే. పలచన చేసిన పోవిడోన్ అయోడిన్‌లో పాదాన్ని కాసేపు ముంచి, మెత్తని గుడ్డతో అద్ది, పక్కును గీకకుండా వదిలేయడం ఆ హద్దు. ఆపైన పశువైద్యుడు కావాలి. అల్మారాలో మిగిలిన, ఎవరి పంటినొప్పికో తెచ్చిన అమాక్సిసిలిన్ గోళీని ముక్క చేసి వేద్దామన్న ఆలోచన రాకూడదు. పెన్సిలిన్ జాతి మందులు ఈ జంతువు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి, విషం చిమ్మే వాటికి చోటిచ్చి, పుండు మానేలోపే ప్రాణం తీస్తాయి. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ను ఎనిమిది చిట్టెలుకల మీద పరీక్షించి గెలిచింది. ఆనాడు బోనులో గినీ పందులు ఉండి ఉంటే ఆ మందును అక్కడే పారబోసేవారేమో. ప్రయోగానికి మారుపేరైన జంతువు సరిగ్గా ఆ ప్రయోగానికి దూరంగా ఉండి మానవజాతిని కాపాడిందనడంలో అతిశయోక్తి కొద్దిగానే ఉంది.

ఊరి పశువుల దవాఖానలో బర్రెలు, గొర్రెలు బారులు తీరి ఉండగా, వాటి మధ్య వెదురు గంపలో తువ్వాలు చుట్టుకొని కూర్చున్న రోగిని చూసి డాక్టరు కూడా మొదట గంప అడుగున ఇంకేమైనా ఉందేమోనని వెతుకుతాడు. ఎద్దుకు వేసే సూది దీనికి బల్లెం. ఇటువంటి చిన్న జంతువులను చూసే అనుభవం కావాలంటే మామునూరు, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వైపు ప్రయాణం తప్పదు. బస్సులో పక్కసీటు వాళ్లకు గంపలో ఏముందో చెప్పేటప్పుడు కుందేలు అనడమే శ్రేయస్కరం.

పాలకుర్తి ఇంట్లో పుండు మానింది. ఆ ఆదివారం వెల్లకిలా తిప్పి చూసినప్పుడు అరికాలు లేత గులాబీ రంగులో, పక్కు రాలిన చోట చిన్న మెరుపుతో కనబడింది. వదలగానే గినీ పంది మూడు పొరల పరుపు మీద గాలిలోకి ఎగిరి అడ్డంగా తిరిగి పడింది, సంతోషం కలిగినప్పుడు ఇవి చేసే గంతు అది. అదే వరండాలో నులక మంచం మీద, వీపుకు నులక అచ్చులు పడి, కాళ్ల పగుళ్లతో పడుకొని ఉన్న పెద్దాయన ఆ గంతును చివరిదాకా చూసి, గొంగడి సర్దుకుంటూ, “నాకు సుత ఒక పొర పర్వుండ్రి బిడ్డా, రెండోదైనా సరే” అన్నాడు.