24 డిగ్రీలే కదా! ఉక్కపోతకు ఒక బహిరంగ లేఖ

ఉక్కపోతా,

నీ పేరు చివర గారూ గీరూ తగిలించే ఉద్దేశం నాకు లేదు. సూర్యుడికైతే నమస్కారాలు పెట్టుకుంటాం. వాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేస్తాం. చలి వస్తే మంటేసుకుని చుట్టూ చేరి కబుర్లాడతాం. నీకోసం ఎవరైనా ఏమైనా చేశారా? ఫ్యాను ఒక పాయింటు పెంచుతారు, అంతే. అందుకేనేమో నీకు మామీద, మరీ ముఖ్యంగా పరుగెత్తేవాళ్ళ మీద అంత కసి.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం నాడు జరుగుతుందని నీకు బాగా తెలుసు. తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజాకి మాకంటే ముందు వచ్చి కూర్చునేది నువ్వే. చీకట్లో మైకు మోగుతూ ఉంటుంది, హుస్సేన్ సాగర్ వాసన వస్తూ ఉంటుంది, మొబైల్ టాయిలెట్ల ముందు క్యూ కదలదు. సరిగ్గా అప్పుడు మాలో ఒకడు ఫోన్ తీసి చూస్తాడు. "24 డిగ్రీలే బ్రో, వెదర్ సూపర్!" నీ మోసం అక్కడే మొదలవుతుంది. ఆ 24 స్క్రీను మీద బొటనవేలంత ఉంటుంది. గాలిలో తేమగా ఉండే నీ 90 శాతం ఎక్కడో కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. అందాకా వేలు జరిపి చూసే ఓపిక ఆ వేళప్పుడు ఎవడికుంటుంది?

మూడో కిలోమీటరుకే మోచేతుల నుంచి బొట్లు రాలతాయి. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఛాతీ మీది నంబరు కాగితం, అదే బిబ్, తడిసి, పిన్నీసుల దగ్గర చిరగడం మొదలవుతుంది. వాన చుక్క పడలేదు, రోడ్డు ఎండుగా ఉంది, మా బూట్లు మాత్రం చప్ చప్ మంటుంటాయి. వెనక్కి తిరిగి చూస్తే తారు మీద తడి అడుగులు. వ్యాసలిన్ రాసుకోనివాళ్ళ తెల్ల టీషర్టుల మీద ఛాతీ దగ్గర రెండు ఎర్ర చారలు దిగుతాయి. చూసినవాళ్ళు హడలిపోతారు. అది గుండె జబ్బు కాదు, తడిగుడ్డ రాపిడి.

నువ్వు చేసే పని ఏమిటో కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చాలామంది పరుగు మిత్రులకి కూడా దాని సంగతి తెలియదు. పరుగెత్తేటప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగోవంతుకి అటూ ఇటూగా మాత్రమే కదలికగా మారుతుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపేది చెమట, కానీ పోయడం వల్ల కాదు, ఆరడం వల్ల. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరిందంటే దాదాపు 580 కిలోకేలరీల వేడిని వెంటబెట్టుకుని పోతుంది. ఆరకుండా రోడ్డు మీద రాలిపోయిందంటే ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోవడమే తప్ప దమ్మిడీ లాభం లేదు. మే నెలలో గదిని వణికించిన కూలరు, వానలు పడ్డాక అదే గదిని జిగటగా చేసి వదిలేస్తుంది చూడు, మా ఒంటి పని కూడా అచ్చం అలాగే అవుతుంది. గాలి అప్పటికే నీళ్ళతో నిండి ఉంటే మా చెమటకి చోటెక్కడిది?

ఇక గుండె ఒక్కటే, గిరాకీలు రెండు. కాళ్ళు రక్తం అడుగుతాయి, చల్లబడడానికి చర్మమూ అడుగుతుంది. వాచీలో గుండె వేగం 160 నుంచి 170కి ఎగబాకుతుంటే, కిలోమీటరుకి పట్టే టైము ఆరు నిమిషాల నుంచి ఆరున్నరకి, ఏడుకి జారుతుంది. ఆ క్షణంలో మాకు గుర్తొచ్చేది నువ్వు కాదు. జూలైలో ఎగ్గొట్టిన లాంగ్ రన్, మొన్న పెళ్ళిలో లాగించిన బిర్యానీ, పైబడుతున్న వయసు గుర్తొస్తాయి. దోషివి నువ్వైతే శిక్ష మాకు మేమే వేసుకుంటాం. నీమీద నా అసలు ఫిర్యాదు ఇదే.

మిగతా చెడ్డ వాతావరణాలన్నీ ఎంతో కొంత ముట్టజెప్పే పోతాయి. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ చూడు. మూడు నాలుగు డిగ్రీల చలి, కుండపోత, ముఖాన కొట్టే ఎదురుగాలి. ఆరోజు మగవాళ్ళలో గెలిచింది యూకీ కవౌచి. జపాన్‌లోని సైతామాలో ఒక సర్కారీ స్కూలు ఆఫీసులో ఉద్యోగి, డ్యూటీ అయ్యాక పరుగెత్తేవాడు. ఆడవాళ్ళలో రెండో స్థానం సారా సెల్లర్స్‌ది. ఆమె ఆరిజోనాలో మత్తుమందు ఇచ్చే నర్సు. ఇక గెలిచిన డెజరే లిండెన్ మొదట్లో మానేద్దామనే అనుకుంది. ఎలాగూ మానేస్తున్నాను కదా అని, దారిలో టాయిలెట్‌కి వెళ్ళిన షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించి ఆగింది. తీరా చూస్తే 33 ఏళ్ళ తర్వాత బోస్టన్ గెలిచిన అమెరికన్ మహిళ ఆమే అయింది. వానలో టాయిలెట్‌కి ఆగినా చరిత్రే! ఆ రోజు అక్కడ పరుగెత్తినవాళ్ళు ఇప్పటికీ ఆ సంగతి చెప్పకుండా కాఫీ తాగరు.

వాన అమాయకురాలని కాదు. 2021 మేలో చైనాలోని గాన్సు కొండల్లో 100 కిలోమీటర్ల పందెం మీద వడగళ్ళు, గడ్డకట్టే వాన, ఈదురుగాలి విరుచుకుపడి 21 మంది చనిపోయారు. గొర్రెలు కాసుకునే జూ కెమింగ్ అనే ఆయన తాను తలదాచుకున్న గుహలోకి తీసుకెళ్ళి ఆరుగురిని కాపాడాడు. ఆ కొండ మీద ముంచుకొచ్చింది ఏమిటో అందరికీ కనబడింది. నువ్వు మాత్రం ఎప్పుడూ కనబడవు.

నీ ప్రతాపం లోకమంతా చూసిన రోజూ ఒకటుంది. 2019 సెప్టెంబరులో దోహా ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల మారథాన్ అర్ధరాత్రి మొదలుపెట్టారు. 68 మంది బయల్దేరితే గీత దాటింది 40 మంది. మిగతావాళ్ళలో కొందరు స్ట్రెచర్ల మీదా చక్రాల కుర్చీల్లోనూ వెనక్కొచ్చారు. సూర్యుడి మీద తోసేద్దామంటే ఆ వేళకి ఆయన ఆకాశంలోనే లేడు. అయినా జనం దాన్ని "దోహా ఎండ" అనే చెప్పుకుంటారు. అక్కడా నీ పేరు రాలేదు. నేనే నీ తరఫున కొంచెం బాధపడ్డాను.

అందరూ నిన్ను పట్టించుకోలేదని కాదులే. 1950లలోనే అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరాల్లో రంగరూట్లు కుప్పకూలిపోతుంటే నీకో లెక్క కట్టారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు రీడింగుకి పదిలో ఏడు పాళ్ళు, ఎండలో ఉంచిన నల్లగోళానికి రెండు, మామూలు థర్మామీటరుకి ఒకటి. నీడలో కొలిచిన 24 డిగ్రీలకి ఆ లెక్కలో దక్కింది పదోవంతే! షికాగోలో 2007 అక్టోబరు 7న వేడీ నువ్వూ జతకట్టి మారథాన్‌ని మధ్యలో ఆపించారు. ఇప్పుడక్కడ దారి పొడవునా పచ్చ, పసుపు, ఎరుపు, నలుపు రంగుల్లో హెచ్చరికలు పెడతారు. మన పీపుల్స్ ప్లాజాలో కూడా జుంబా స్టేజి పక్కన ఆ లెక్కలో తేలే ఒక్క నంబరు ఆరడుగుల బోర్డు మీద రాసి పెట్టాలని నా కోరిక. స్పాన్సర్ల ఫ్లెక్సీ ఒకటి తగ్గినా కొంప మునగదు.

ఆ బోర్డు లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. మన మారథాన్‌లోనే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర ఒకాయన రోడ్డుకి అడ్డంగా పరుగెత్తాడు. పేరడిగితే తల వంచి బిబ్ మీద చూసుకుని చెప్పాడు. అక్కడున్న వాలంటీర్లు కాలేజీ పిల్లలు, అయినా గట్టివాళ్ళు. అంబులెన్స్ కోసం ఒకడు ఫోన్ చేస్తుంటే, అది వచ్చేదాకా ఆగకుండా మిగతావాళ్ళు ఆయన్ని పడుకోబెట్టి, నీళ్ళ సీసాలు ముంచిన టబ్బులోంచి ఐసు తీసి మెడ మీదా చంకల్లోనూ పెట్టారు, నెత్తిన నీళ్ళు గుమ్మరించారు. వడదెబ్బలో ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. ఆ పిల్లలకి ఎవరు నేర్పారో గానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

నీ దగ్గర ఇంకో టక్కుంది. ఒళ్ళంతా కారిపోతోంది కదా అని కనబడిన ప్రతి టేబులు దగ్గరా గ్లాసులకి గ్లాసులు తాగిస్తావు. అలా తాగితే రక్తంలో సోడియం పలచబడి అదో ప్రమాదం. 2002 బోస్టన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. అందుకే "అంకుల్, వాటర్! అంకుల్, వాటర్!" అని పిల్లలు ఎంత ముద్దుగా పిలిచినా, నేను దాహమైనప్పుడే తాగి, ఉప్పు చల్లిన నారింజ తొనల వైపు చేయి చాస్తాను. అంకుల్ అన్నందుకు కోపం వేరే.

ఇవన్నీ ఒక ఎత్తు, సోమవారం ఆఫీసు ఒక ఎత్తు.

"టైమింగ్ ఎంత?"

"ఐదుంబావు."

"అదేంటి, నాలుగున్నర అన్నావుగా?"

"హ్యూమిడిటీ."

"ఓ..."

ఆ 'ఓ'లో ఎంత జాలి, ఎంత అపనమ్మకం! వాన పడి ఉంటే కుర్చీ లాక్కుని కూర్చుని వినేవాళ్ళు. నీ పేరెత్తితే సాకు అంటారు. సానుభూతి కోసం విశాఖలో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే ఇంకా ఘోరం. "అది కూడా ఓ ఉక్కపోతేనా బావా? మే నెలలో ఆర్కే బీచ్‌కి రా, చూపిస్తాను" అన్నాడు. సముద్రం పక్కనోళ్ళకి నువ్వు సొంత ఆస్తివి మరి.

ఈ ఆగస్టుకి మళ్ళీ పేరిచ్చాను. రెండు వారాల పాటు నీలోనే మెల్లగా పరుగెత్తితే ఒళ్ళు అలవాటు పడి, చెమట తొందరగా పట్టి, రక్తంలో నీటి పాలు పెరుగుతుందట. కాబట్టి తెల్లవారుజామున కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చుట్టూ రోజూ కలుస్తూనే ఉంటాం. వాచీలో కిలోమీటరు టైము కనబడకుండా తీసేసి గుండె వేగం ఒక్కటే ఉంచాను. అది హద్దు దాటితే కేబుల్ బ్రిడ్జి మీద అందరూ చూస్తుండగా నడుస్తాను, సెల్ఫీ కూడా దిగుతాను. నీతో నాకు పందెం లేదు. చేతనైతే ఆ ఒక్క ఆదివారం సెలవు పెట్టి, నీ డ్యూటీ వానకి అప్పజెప్పు. మర్నాడు ఆఫీసులో చెప్పుకోడానికి నాకూ ఒకటుంటుంది.

ఇట్లు,
పీపుల్స్ ప్లాజాలో వెనక వరసలో నిలబడేవాడు