పగలు జెనీవా, సాయంత్రం అయ్యప్ప సొసైటీ

హైదరాబాద్ పడమటి కొసన విశ్వమానవులు తయారవుతున్నారు. కోకాపేటలో ఎక్కించుకుని గండిపేటలో దించే ఏసీ బస్సులో వాళ్ల ప్రపంచయాత్ర రోజూ పొద్దున్నే మొదలవుతుంది. చదివేది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియట్. 1968లో జెనీవాలో పుట్టింది. దౌత్యవేత్తలూ, ఐక్యరాజ్యసమితి ఉద్యోగులూ బదిలీల మీద దేశాలు తిరుగుతుంటే వాళ్ల పిల్లల చదువు తెగిపోకూడదని, ఏ దేశపు యూనివర్సిటీ అయినా ఒప్పుకోవాలని అల్లిన సిలబస్ అది. మన విశ్వమానవుడి తండ్రికి బదిలీ అంటే గచ్చిబౌలి ఆఫీసులో ఆరో అంతస్తు నుంచి తొమ్మిదో అంతస్తుకు.

"మా దగ్గర మార్కుల పరుగు లేదండీ" అంటారు అడ్మిషన్ల మేడమ్. నిజమే, మార్కుల్లేవు. పాయింట్లున్నాయి. డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7, 'థియరీ ఆఫ్ నాలెడ్జ్'కీ, 4,000 పదాల వ్యాసానికీ కలిపి 3, వెరసి 45. కార్పొరేట్ కాలేజీ టీవీలో ర్యాంకులు అరిస్తే మోటుతనం. ఈ బడి ఫ్లెక్సీ మీద 43, 44 అని అచ్చేస్తే వికాసం.

ఇక సమాజసేవ. అది చేయకపోతే డిప్లొమా రాదు, చేస్తే పాయింటూ రాదు. కాబట్టి చేసినట్టు కనబడాలి. బస్సు కట్టుకుని ఊరి సర్కారు బడికి వెళ్లి, గోడకు నాలుగు చేతుల ఎత్తున రంగేసి, ఫొటో దిగి, తన అంతరంగంలో ఏం మార్పొచ్చిందో పిల్లవాడు రాసుకోవాలి. మిగతా గోడ వచ్చే ఏడాది బ్యాచికి. ఏటా ఓపిగ్గా గోడ అప్పగిస్తున్న ఆ ఊరి పిల్లల అంతరంగం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఐబీ విద్యార్థికి ఉండాల్సిన పది లక్షణాల్లో ఒకటి, సాహసం. సాహసించి ఐబీలో చేర్చిన నాన్నగారే జేఈఈ కోచింగ్‌కూ ఫీజు కడతారు. పగలంతా "నాకు తెలిసింది నిజమని నాకెలా తెలుసు?" అని తర్కించిన కుర్రాడు, సాయంత్రం అయ్యప్ప సొసైటీ కోచింగ్‌ సెంటర్లో "ఎలా అని అడక్కు, ఫార్ములా పెట్టు" అనిపించుకుంటాడు.

తెలుగు సంగతికొద్దాం. ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలని 2018లో తెలంగాణ చట్టం చేస్తే, గ్లోబల్ పిల్లల మీద ఇదేం భారమని గోల. తమాషా ఏంటంటే, మాతృభాషా సాహిత్యం చదవమని ఐబీయే ప్రోత్సహిస్తుంది. టీచరు లేకపోతే బడి అండతో సొంతంగా చదువుకునే ఏర్పాటూ చేసింది. జెనీవాకు లేని నామోషీ గండిపేటకెందుకో! ఫ్రెంచి అక్షరాలు దిద్దే పిల్లవాడికి తాతగారి ఉత్తరం చదవడానికి దుబాసీ కావాలి.

తప్పు సిలబస్‌ది కాదు. ప్రశ్నించడం నేర్పే చదువును, ప్రశ్నించకుండా కొనే సరుకుగా మార్చిన వాళ్లది, కొంటున్న మనది. బడి గొప్పదని మనకెలా తెలుసు? ఫీజు ఎక్కువ కాబట్టి. ఫీజెందుకు ఎక్కువ? బడి గొప్పది కాబట్టి. ఈ తర్కం పరీక్షలో రాస్తే పిల్లవాడికి సున్నా వస్తుంది; మనకు సీటొస్తుంది.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు అడిగి చూడండి: ఇక్కడ టీచర్లు ఎన్నేళ్లు నిలుస్తారు? రంగేసిన బడికి మళ్లీ వెళ్లారా? తెలుగు సాహిత్యం ఎందరు తీసుకున్నారు? మేడమ్ తప్పకుండా మెచ్చుకుంటారు. "మీలో జిజ్ఞాస ఉందండీ. ఫీజు కౌంటర్ ఎడమవైపు."