గిద్ద వెలితి

నేను కుంచాన్ని. పుట్టింది బందరులో, కాపురం దివిసీమలో ఒక రైతు గాదె పక్కన. నా కడుపులో 64 గిద్దలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు నేను. మా వంశంలో అన్నీ రెట్టింపులే.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. గాదె పోయింది. నేను పొలంలో, బురదలో బోర్లాపడి దొరికాను. నడుముకు సొట్ట. ఆ రాత్రి గురించి ఇంతకంటే చెప్పలేను. మిగిలినవాళ్లు గుడివాడ చేరారు. అప్పటికే కిలోల రాజ్యం కదా, నేను అటకెక్కాను.

మొన్న సంక్రాంతికి తాతయ్య నన్ను దింపి, మనవరాలి ముందు చదరంగం బల్ల పరిచాడు.

"మొదటి గడికి ఒక వడ్లగింజ, రెండో దానికి రెండు, మూడో దానికి నాలుగు. పోస్తూ పోవే బుజ్జీ."

పన్నెండో గడికి 2048 గింజలు. గిద్దలో పోస్తే ఇంచుమించు నిండింది. ఇక లెక్కపెట్టడం మానేసి గిద్దతోనే కుప్పలు పోశారు: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు గిద్దలు. పద్దెనిమిదో గడి సరిగ్గా నా కొలత. ఇంకా 46 గడులున్నాయి!

బుజ్జి ఫోన్లో మొత్తం తీసింది: 18446744073709551615. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే 36 వేల కోట్ల టన్నుల పైమాటే. ప్రపంచమంతా ఏటా పండించే వడ్లు 80 కోట్ల టన్నుల చుట్టుపక్కల. నాలుగు వందల యాభై ఏళ్ల పంటన్నమాట.

ఈ ఇరవై అంకెలూ ఒకే పద్యంలో ఉన్నాయన్నాడు తాతయ్య. పావులూరి మల్లన గణితంలోదని చెబుతారట. శరమంటే 5, వేదమంటే 4, ఏనుగంటే 8, ఆకాశమంటే సున్నా. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇరవై అంకెల్ని ఛందస్సులో కూర్చోబెట్టడం వడ్లు కొలవడం కంటే కష్టమే.

ఆ సంఖ్య ఒక నిండు వర్గానికి ఒకటి తక్కువ. అందుకే 4294967295, 4294967297గా విడిపోతుంది. అందులో చిన్నది మళ్లీ అలాగే విడుతుంది, నేను అడ్డగా, అడ్డ మానికగా దిగినట్టు. చివరికి 3, 5, 17, 257, 65537 మిగులుతాయి. పెద్దది మొండిది. ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641తో పగలగొట్టాడు. రెండో ముక్క 6700417.

"ఆ ఒకటి తక్కువ ఎందుకు తాతయ్యా?"

"వెనకటి గడులన్నీ కలిపినా ముందు గడికి ఒక్కటి తగ్గుతుంది. ఈ ఆరు కుప్పలూ కుంచంలో పొయ్యి. 63 గిద్దలు. ఒక గిద్ద వెలితి కనిపిస్తుంది."

పోసింది. నేను అంచుదాకా నిండిపోయాను.

తాతయ్య బిత్తరపోయి కుప్పలు మళ్లీ కొలిపించాడు. అవే 63. అప్పుడు నన్ను దగ్గరకు లాక్కుని, చుట్టూ తడుముతూ వచ్చి, సొట్ట దగ్గర చెయ్యి ఆపాడు.