గాలిని తూచేదాన్ని

నేను ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ని. మెకానిక్కులు నన్ను ఎమ్ఏఎఫ్ అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య తిరిగే ఒక టర్బో డీజిల్ ట్యాక్సీలో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకీ టర్బోకీ నడుమ ఉన్న గొట్టం నా ఇల్లు. బయటి నుంచి ఇంజన్ పీల్చే గాలి ఏదైనా నన్ను దాటుకునే పోవాలి.

నా లోపల వెంట్రుక కంటే పలచని పొర ఒకటుంది. కరెంటుతో దాన్ని చుట్టూ ఉన్న గాలి కంటే వంద డిగ్రీలకు పైగా వేడిగా ఉంచుతారు. వచ్చే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఎంత చల్లార్చిందో చూసి వోల్టుల్లో చెప్పడమే నా ఉద్యోగం. వేడి తీగ నుంచి గాలి ఎంత వేడిని లాక్కుపోతుందో 1914లో ఎల్.వి. కింగ్ సూత్రం కట్టాడు. నా వంశమంతా ఆ లెక్క మీదే బతుకుతోంది.

ఈ బండి ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌ది 312 సీసీ చోటు. మామూలు రోజున అందులో పట్టే గాలి బరువు సుమారు 350 మిల్లీగ్రాములు. టర్బో ఊదితే ఇంకా ఎక్కువ కూరుకుంటుంది. గాలి ఇంత ఉందని నేను చెబితే, పొగ రాకుండా ఎంత డీజిల్ కాలుతుందో ఇంజన్ కంప్యూటర్ తేల్చుకుంటుంది. అది గాలిని చూడలేదు. నా మాటే దానికి ఆధారం.

నాకు ముందు ఈ చోట ఉన్నది బండితోపాటే వచ్చిన సెన్సర్. సిరిసిల్ల మరమగ్గాల వీధుల్లోని నూలు ధూళి, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు కల్లాల దుమ్ము, కోతల కాలంలో జగిత్యాల చుట్టూ లేచే వరి పొట్టు, అన్నీ దాని దాకా వచ్చాయి. ఫిల్టర్ సరిగా కూర్చోకపోతే సందులోంచి దూరిన సన్నని దుమ్ము వేడి పొరకు అంటుకుంటుంది. దుమ్ము కప్పుకున్న పొరను గాలి సరిగా చల్లార్చలేదు. సెన్సర్ తక్కువ లెక్క చెప్పడం మొదలుపెడుతుంది.

డ్రైవర్ జగిత్యాల షెడ్డుకు వచ్చి, "అన్నా, బండి గుంజుతలేదు. నలుగురు కూసుంటే కొండగట్టు ఘాట్ల రెండో గేర్లనే పోవుడైతంది" అన్నాడు.

"నల్లపొగ కొడ్తుందా తమ్మీ?"

"లేదన్నా. పొగ అస్సలే లేదు. చెక్ లైట్ సుత పడలే."

ఆ మెకానిక్ మీద నాకు గౌరవం కలిగింది ఈ ఒక్క ప్రశ్నకే. టర్బో హోస్ చీలితే, నేను తూచిన గాలి దారిలోనే కారిపోతుంది. కంప్యూటర్ లెక్క ప్రకారం డీజిల్ పోస్తుంది, నల్లపొగ వస్తుంది. పొగ లేకుండా బలం మాత్రమే తగ్గిందంటే, గాలి ఉండీ లెక్కలో తక్కువ పడుతోందన్నమాట. ఇక లైటు సంగతి. వైరు తెగితే కంప్యూటర్ వెంటనే పసిగట్టి పీ0102 అని రాసుకుంటుంది. వైరు బాగుండి, వోల్టు హద్దుల్లోనే ఉండి, లెక్క కొద్దిగా తప్పితే చాలాసార్లు దానికి అనుమానమే రాదు.

అంతకుముందు ఇంకో షెడ్డులో "కప్లర్ పీకెయ్, అదే నడుస్తది" అని చెప్పారట. చాలా డీజిల్ బండ్లు నిజంగానే నడుస్తాయి. కంప్యూటర్ ఒక అంచనా అంకె పెట్టుకుని బండిని ఈడుస్తుంది. కానీ ఊహించిన గాలికి డీజిల్ పోయడం బాగుచేయడం కాదు. గల్ఫ్‌కు పోయే పిల్లలనూ వాళ్ల పెట్టెలనూ ఎక్కించుకుని శంషాబాద్ దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా పోయే బండికి అది అన్యాయం.

నేను హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చాను. కంపెనీ పార్టును కాను, బయటి తయారీని. నా కప్లర్ బండి కప్లర్‌కు పట్టలేదు, వైర్ల రంగులూ కలవలేదు. మెకానిక్ ముందుగా గొట్టం వ్యాసం కొలిచాడు. 62 మిల్లీమీటర్ల గొట్టం బదులు 70ది పెడితే, నా దగ్గర అదే వోల్టు వచ్చినా లోపలికి పోయే గాలి 27 శాతం ఎక్కువ. నా గొట్టం సరిపోయింది.

తర్వాత వైర్లు. పన్నెండు వోల్టుల సప్లయి, ఎర్త్, ఐదు వోల్టుల రిఫరెన్స్, సిగ్నల్, గాలి వేడి చెప్పే వైరు, మొత్తం ఐదు. కప్లర్ తీసి తాళం తిప్పి మీటర్ పెడితే రెండింటిలో ఐదు వోల్టులు కనిపించాయి. పని నేర్చుకుంటున్న పోరడు ఏదో ఒకటి కలిపేయబోయాడు. మెకానిక్ ఆపి, 2.2 కిలో ఓముల రెసిస్టర్‌ను ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూపించాడు. ఒకదాంట్లో ఐదు ఐదుగానే నిలబడింది, అది రిఫరెన్స్. రెండోదాంట్లో అంకె జారిపోయింది. అది వేడి చెప్పే వైరు. సర్క్యూట్ డయాగ్రమ్‌తో ఇంకోసారి సరిచూశాకే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. మెలిపెట్టి టేపు చుట్టే పని ఇక్కడ పనికిరాదు. నా ఎర్త్‌ను బాడీకి కొట్టలేదు, కంప్యూటర్ నుంచి వచ్చిన ఎర్త్ వైరుకే అతికి స్లీవ్ వేశాడు. ఎర్త్‌లో వోల్టులో పదోవంతు తేడా పడినా అది నా సిగ్నల్‌లో కలిసిపోయి గాలి లెక్కను మార్చేస్తుంది.

ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పారు. గాలి కదలనప్పుడు నా మాట దాదాపు ఒక వోల్టు. మీటర్ అదే చూపింది. పోరడు గొట్టంలోకి నోటితో మెల్లగా ఊదితే అంకె లేచింది. కంప్రెషర్ గాలి కొడితే మాత్రం నా పొర పగిలిపోయేది.

మర్నాడు డ్రైవర్ ఘాట్ మూడో గేరులో ఎక్కాడు. ఫోనుకు ఓబీడీ డాంగిల్ కలుపుకుని నా అంకెలు చూడటం అలవాటు చేసుకున్నాడు. ఎండాకాలం వచ్చాక షెడ్డుకొచ్చి, "పొద్దుగాల ఎక్కువ చూపిస్తది, పగటీలి తగ్గుతది. మళ్ల పాడైందా అన్నా?" అని అడిగాడు.

"సెన్సర్ మంచిగనే ఉంది. ఎండకు గాలే పలచనైతది తమ్మీ."

నిజమే. 20 డిగ్రీల గాలి 45కు వేడెక్కితే అదే చోటులో దాని బరువు ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. జగిత్యాల ఎండల్లో అది నాకు రోజూ తెలిసే సంగతే. డ్రైవర్ కాసేపు ఆలోచించి, పెట్టెలు ఎక్కువుండే ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఇక రాత్రిపూటే ఒప్పుకుంటానన్నాడు. ఫిల్టర్ ఎప్పుడు మార్చాలని అడిగితే మెకానిక్ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు చెప్పలేదు. "నువ్వుండేది సిరిసిల్లల గద, సగానికే మార్చు" అన్నాడు.